ఇరవై ఒకటో గీత
(ధారావాహిక – తొమ్మిదో భాగం)

గత సంచికలో గ్రామఫోను రికార్డులకెక్కిన ‘మాట్లాడే పుస్తకాల’ సంగతి చెప్పుకున్నాం. 1930ల నడుమ అమెరికాలోనూ ఇంగ్లండులోనూ చూపు లేనివారికి పుస్తకం చెవి దారిన ఇంటికొచ్చిన కథ అది. దాదాపు అదే కాలంలో వినికిడి లేనివారి విషయంలో అంతా తలకిందులైంది. వాళ్ళకు కొత్తగా ఏమీ రాకపోగా, అప్పటిదాకా ఉన్నది కాస్తా పోయింది.

మూకీల రోజుల్లో సినిమా హాలు బధిరులకు పరాయి చోటు కాదు. కాసేపు బొమ్మ ఆడేది, తర్వాత నల్లటి పలక మీద తెల్లటి అక్షరాల్లో మాట పడేది, మళ్ళీ బొమ్మ. పక్క కుర్చీలో మనిషికి కథ ఎంత తెలిస్తే వీళ్ళకూ అంతే తెలిసేది. మన దగ్గర రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ కలిసి ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) తీసిన రోజులు గుర్తు చేసుకోండి. తెర మీది అక్షరాలను చదువు రానివాళ్ళకు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. అంటే ఆ కాలపు హాల్లో చదువుకున్న చెవిటి మనిషికి ఒకరి సాయం అక్కర్లేదు. చెవులు బాగున్న నిరక్షరాస్యుడికే కావలసి వచ్చేది.

ఒక్కోసారి బధిరులకు కథ కాస్త ఎక్కువే తెలిసేది కూడా. 1926లో ‘వాట్ ప్రైస్ గ్లోరీ’ అనే యుద్ధ చిత్రం వచ్చింది. ఎలాగూ వినపడదు కదా అని నటులు కెమెరా ముందు నోటికొచ్చిన బూతులన్నీ తిట్టుకున్నారు. పలక మీద మాత్రం మర్యాదైన మాటలే పడ్డాయి. పెదవుల కదలికను చదవగలిగినవాళ్ళు అసలు మాటలు పట్టేసి, ఇదేం సినిమా అంటూ ఫిర్యాదులు చేశారు.

చూడటమే కాదు, ఆ తెర మీద వాళ్ళు కనిపించేవారు కూడా. గ్రాన్‌విల్ రెడ్మండ్ అనే చిత్రకారుడికి పసితనంలోనే స్కార్లెట్ జ్వరం వచ్చి వినికిడి పోయింది. కాలిఫోర్నియా కొండల మీద విరిసే నారింజ రంగు గసగసాల పూల చిత్రాలకు ఆయనది పెట్టింది పేరు. చార్లీ చాప్లిన్ ఆయనకు తన స్టూడియోలోనే బొమ్మలేసుకోవడానికి చోటిచ్చి, ఆయన దగ్గర సైగల భాష నేర్చుకున్నాడు, తన సినిమాల్లో చిన్న చిన్న వేషాలూ ఇచ్చాడు. ‘సిటీ లైట్స్’లో శిల్పి వేషం కట్టింది రెడ్మండే. మూకీ నటుడికి ముఖమూ చేతులే పెట్టుబడి. ఆ విద్యలో తనకంటే ముందున్నవాళ్ళు ఎవరో చాప్లిన్‌కు తెలుసు.

1927 అక్టోబరు 6న న్యూయార్కులో ‘ది జాజ్ సింగర్’ విడుదలైంది. 1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’. 1932లో మన ‘భక్త ప్రహ్లాద’. సినిమా చరిత్రలన్నీ వీటిని పండగ తేదీలుగానే రాస్తాయి. హాలీవుడ్‌లో రెండు మూడేళ్ళు తిరిగేసరికి నల్ల పలకలు మాయమయ్యాయి. మాట నటుడి నోట్లోంచే వస్తుంటే మళ్ళీ అక్షరాలెందుకు, అదనపు ఫిల్ము ఎందుకు అనుకున్నారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. బధిర ప్రేక్షకులనేవాళ్ళు ఉన్నారన్న సంగతే ఎవరికీ తట్టలేదు. ఈ ధారావాహికలో మనం చూస్తూ వస్తున్న అన్యాయాల్లో సగానికి సగం ఇలా తట్టకపోవడం వల్ల జరిగినవే.

ఆ మార్పుకు తెర మీదా తెర ముందూ రెండు వైపులా దెబ్బతిన్న మనిషి ఎమర్సన్ రొమేరో. 1900లో క్యూబా రాజధాని హవానాలో పుట్టాడు. ఆరేళ్ళ వయసులో కోరింత దగ్గు వచ్చి వినికిడి పోయింది. అమెరికా చేరి టామీ ఆల్బర్ట్ అన్న పేరుతో రెండు రీళ్ళ హాస్య చిత్రాల్లో నటించాడు. మాటలొచ్చాయి, వేషాలు పోయాయి. ప్రేక్షకుడిగా హాలుకు వెళ్దామంటే అదీ లేదు.

1947లో రొమేరో ఒక ప్రయత్నం మొదలుపెట్టాడు. టాకీ చిత్రాల ప్రతులు సంపాదించి, కత్తెర పట్టుకుని కూర్చున్నాడు. ఒక పాత్ర మాట్లాడటం పూర్తయిన చోట ఫిల్మును తెగ్గోసి, ఆ మాటలు అచ్చేసిన ముక్కను మధ్యలో అతికించి, మళ్ళీ బొమ్మను కలిపాడు. మూకీల నాటి పద్ధతే. అలా తయారుచేసిన రీళ్ళను బధిరుల క్లబ్బులకూ పాఠశాలలకూ అద్దెకిచ్చాడు. పని మోటుగానే ఉండేది. సినిమా నిడివి సాగిపోయేది, శబ్దం ముక్కలు ముక్కలయ్యేది, వినగలిగినవాళ్ళు పట్టుమని పది నిమిషాలు కూర్చోలేరు. అయినా ఇరవై ఏళ్ళ తర్వాత బధిరులు ఒక కొత్త కథను మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా అర్థం చేసుకుంటూ చూశారు. సినిమా కంపెనీల్లో లక్షల డాలర్లున్న పెద్దలెవరూ చేయని పని, వేషాలు పోయిన ఒక చెవిటి నటుడు ఇంట్లో కూర్చుని చేశాడు.

మరో రెండేళ్ళకు లండన్‌లో ఆర్థర్ ర్యాంక్ సంస్థ ఇంకో దారి తొక్కింది. మాటలు చెక్కిన గాజు పలకలను ఒక మనిషి సన్నివేశానికి తగ్గట్టు ఒక్కొక్కటిగా పెడుతూ తీస్తూ ఉంటే, అసలు తెర పక్కన చిన్న తెర మీద అక్షరాలు పడేవి. అది ఎక్కువ కాలం నడవలేదు. చివరికి నిలబడ్డ పద్ధతి యూరప్‌లో పరభాషా చిత్రాల కోసం అప్పటికే వాడుతున్నది, అక్షరాలను ఫిల్ము మీదనే చెక్కేయడం. హార్ట్‌ఫోర్డ్ బధిర పాఠశాల అధిపతి ఎడ్మండ్ బోట్నర్, న్యూయార్కులోని లెక్సింగ్టన్ బధిర పాఠశాల అధిపతి క్లారెన్స్ ఓకానర్ కలిసి దాన్ని పట్టుకున్నారు. చందాలు పోగుచేసి ఒక సంస్థ పెట్టి, కొన్నేళ్ళలో ముప్ఫై దాకా సినిమాలకు అక్షరాలు ఎక్కించారు. చందాలతో ఎంతకాలం? అంధులకు మాట్లాడే పుస్తకాలు ప్రభుత్వ ఖర్చుతో వెళ్తున్నప్పుడు బధిరులకు అక్షరాల సినిమాలు ఎందుకు వెళ్ళకూడదని వాదించారు. 1958 సెప్టెంబరు 2న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అందుకు వీలు కల్పించే చట్టం మీద సంతకం చేశాడు. ఒక వర్గం గెలుచుకున్న హక్కు ఇంకో వర్గానికి నిచ్చెన కావడం ఈ చరిత్రలో తరచూ కనబడుతుంది.

ఆ పథకంలోకి 1960లో వచ్చి చేరిన బధిర ఉపాధ్యాయుడు మాల్కం నార్వుడ్. తర్వాతి పాతికేళ్ళ కథలో ఎక్కడ చూసినా ఆయన చెయ్యి ఉంటుంది. నార్వుడ్ వచ్చేసరికే జనం హాళ్ళు వదిలి ఇళ్ళల్లో టీవీల ముందు చేరారు. ఊరి క్లబ్బులో నెలకో సినిమా వేసి ఏం లాభం, వార్తలూ నాటకాలూ అన్నీ ఆ పెట్టెలోకి వెళ్ళిపోతే?

దారి అనుకోని చోట దొరికింది. అమెరికాలో తూనికలు, కొలతలు, కాలం లెక్కలు చూసే ప్రభుత్వ సంస్థ ఒకటుంది, నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్. టీవీ సంకేతంలో ఎవరికీ కనబడని మూలన ఖచ్చితమైన సమయాన్ని దాచి దేశమంతా పంపాలని 1970లో వాళ్ళు ఒక ప్రయోగం చేశారు. ఆ ప్రయోగం ఫలించలేదు. కానీ వాళ్ళతో పనిచేస్తున్న ఏబీసీ టీవీ వాళ్ళకు, గడియారం దాచగలిగిన చోట మాటలు దాచలేమా అన్న ఆలోచన వచ్చింది. 1971లో నాష్‌విల్‌లో జరిగిన సమావేశంలో దాన్ని చూపించారు. 1972 ఫిబ్రవరి 15న వాషింగ్టన్‌లోని బధిరుల కళాశాల గాలడెట్‌లో ‘ది మాడ్ స్క్వాడ్’ అనే పోలీసు సీరియల్‌కు అక్షరాలు జోడించి విద్యార్థుల ముందు వేశారు. అదే ప్రసారం బయట మామూలు టీవీల్లో అక్షరాలు లేకుండా వచ్చింది. ఒకటే సంకేతం, రెండు రకాల తెరలు.

అది ఇంటింటికీ రావడానికి మరో ఎనిమిదేళ్ళు పట్టింది. ఈలోగా బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ అనే ప్రజా టీవీ కేంద్రం ఆగలేక, దాచడాలేమీ లేకుండా అందరికీ కనబడేలా అక్షరాలు వేసేసింది. 1972 ఆగస్టు 5న అలా దేశమంతటా వచ్చిన మొదటి కార్యక్రమం వంటల కార్యక్రమం. జూలియా చైల్డ్ చేసే ‘ది ఫ్రెంచ్ షెఫ్’. బధిరులకు మొదట అందిన టీవీ మాట కోడిని ఎలా కోయాలి, వెన్న ఎంత వేయాలి అన్నదీ! నవ్వులాటగా అనిపించినా వంటల కార్యక్రమం ఇందుకు మహా అనువైనది. చేతులు చేసేది కంటికి కనబడుతుంది, ఎందుకు చేస్తున్నారో అక్షరాల్లో తెలుస్తుంది. 1973 చివర్లో ఏబీసీ సాయంత్రం వార్తలకు కూడా ఇదే కేంద్రం అక్షరాలు కట్టడం మొదలుపెట్టింది. వార్త వచ్చిన దగ్గర్నుంచి ఐదు గంటలు కూర్చుని రాసి, రాత్రి పదకొండింటికి మళ్ళీ ప్రసారం చేసేవారు. దేశంలో ఏం జరిగిందో ఇరుగుపొరుగుకు తెలిసిన ఐదు గంటలకు బధిరుల ఇంటికి తెలిసేది.

అన్నిటికీ ఇలాగే వేసేస్తే సరిపోయేది కదా? ఇక్కడే చిక్కు. వినగలిగినవాళ్ళకు చిరాకేస్తుంది, చూడటం మానేస్తారు అని టీవీ కంపెనీలు పట్టుబట్టాయి. కోరుకున్నవాళ్ళకే కనబడాలి, మిగతావాళ్ళ కంట పడకూడదు అన్నదే వాళ్ళ షరతు. ఈ ఒక్క షరతు ఖరీదు ఎంతో ముందు ముందు చూస్తాం.

పాత అమెరికన్ టీవీ బొమ్మ 525 అడ్డగీతలతో తయారయ్యేది. అన్నీ తెర మీద పడవు. ఒక బొమ్మ పూర్తయి, ఎలక్ట్రాన్ పుంజం కింది మూల నుంచి మళ్ళీ పై మూలకు ఎగరడానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో వచ్చే గీతలు ఖాళీ. వాటిలో ఇరవై ఒకటోదాన్ని అక్షరాల కోసం కేటాయిస్తూ 1976లో ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కో బొమ్మకు ఆ గీత మీద రెండేసి అక్షరాలు ప్రయాణం చేస్తాయి. సెకనుకు ముప్ఫై బొమ్మలు కాబట్టి అరవై అక్షరాలు. వరుసకు 32 చొప్పున, ఒకేసారి నాలుగు వరుసలకు మించకుండా, నల్ల డబ్బాలో తెల్లగా పడతాయి. తొలి యంత్రాల్లో కిందికి తోక ఉండే ఇంగ్లీషు చిన్నక్షరాలు కుదించుకుపోయి కనబడేవి. అందుకే ఏళ్ళ తరబడి అంతా పెద్దక్షరాల్లోనే నడిచింది.

1979లో ఇందుకోసమే నేషనల్ క్యాప్షనింగ్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. 1980 మార్చి 16, ఆదివారం. ఆ రాత్రి ఏబీసీ, ఎన్‌బీసీ, పీబీఎస్ అక్షరాలు దాచిన కార్యక్రమాలు మొదటిసారి ప్రసారం చేశాయి. వాటిని బయటికి తీసే డికోడర్ పెట్టెను సియర్స్ దుకాణాల్లో అమ్మకానికి పెట్టారు. ధర సుమారు 250 డాలర్లు. వినగలిగినవాడు టీవీ కొనుక్కుంటే చాలు. బధిరుడు టీవీతో పాటు, పక్కవాడి కంటికి చిరాకు రాకుండా ఉండటానికి అయ్యే ఖర్చు కూడా భరించాలి. నా లెక్కలో ఆ 250 డాలర్లు అదే.

మూడో పెద్ద కంపెనీ సీబీఎస్ ఇందులోకి రానంది. తనకు టెలిటెక్స్ట్ అనే మరో మెరుగైన పద్ధతి ఉందంది. పద్ధతి మెరుగైనదే కావచ్చు. ఇంగ్లండులో బీబీసీ టెలిటెక్స్ట్ ద్వారానే అక్షరాలు అందించింది, 888 నంబరు నొక్కితే సరిపోయేది. కానీ అమెరికాలో బధిరులు అప్పుచేసి కొన్న పెట్టె సీబీఎస్ ముందు దండగైంది. వాళ్ళు ఊరూరా సీబీఎస్ కార్యాలయాల ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. 1984లో కంపెనీ దిగివచ్చింది.

ముందే రాసిపెట్టుకునే సీరియల్ సంగతి సరే, అప్పటికప్పుడు మాట్లాడే మాట మాటేమిటి? దీనికి మందు కోర్టు హాల్లో దొరికింది. అమెరికన్ కోర్టుల్లో సాక్ష్యం రాసుకునే రిపోర్టర్ల ముందు ఇరవై రెండు మీటల చిన్న యంత్రం ఉంటుంది. దాని మీద అక్షరం తర్వాత అక్షరం కొట్టరు. నాలుగైదు మీటలు ఒక్కసారిగా నొక్కితే ఒక ధ్వని పడుతుంది. ఎడమచేతి వేళ్ళు మాట మొదలును, బొటనవేళ్ళు అచ్చును, కుడిచేతి వేళ్ళు చివర హల్లును పడతాయి. ధ్వనుల గుర్తుల్ని కంప్యూటరు నిఘంటువులో వెతికి మామూలు మాటగా మారుస్తుంది. చేయి తిరిగినవాళ్ళు నిమిషానికి రెండొందల మాటలు దాటిస్తారు. 1982 వసంతంలో ఆస్కార్ అవార్డుల సభ ఇలా అప్పటికప్పుడే అక్షరాలతో బధిరుల ఇళ్ళకు చేరింది. నిఘంటువులో లేని పేరు తగిలితే యంత్రం దగ్గరి ధ్వనితో ఏదో ఒకటి రాసేస్తుంది. ప్రత్యక్ష ప్రసారాల్లో పెద్దమనుషుల పేర్లు వింత వింతగా పడటానికి మూలం అదే.

ఇన్ని జరిగినా పెట్టెలు అనుకున్నంత అమ్ముడుపోలేదు. కొనేవాళ్ళు తక్కువగా ఉన్నారని కంపెనీలు కార్యక్రమాలు పెంచలేదు, కార్యక్రమాలు తక్కువగా ఉన్నాయని జనం కొనలేదు. వయసు మీద పడి వినికిడి తగ్గిన లక్షల మంది ముసలివాళ్ళు ఆ పెట్టె జోలికే పోలేదు. కొంటే తమకు చెవుడని ఒప్పుకున్నట్టే కదా!

ఈ ముడి విప్పింది చట్టమే. 1988 మార్చిలో గాలడెట్ విద్యార్థులు తమ విశ్వవిద్యాలయానికి బధిరుడే అధ్యక్షుడు కావాలని తలుపులు మూసేసి వారంలో గెలిచారు. కాంగ్రెసు సభ్యులకు ఆ వేడి తగిలింది. సెనెటర్ టామ్ హార్కిన్‌కు ఇంట్లోనే అనుభవం ఉంది, ఆయన అన్న ఫ్రాంక్ బధిరుడు. 1990 అక్టోబరులో చట్టమైన డికోడర్ బిల్లు చెప్పింది ఒక్కటే: 1993 జులై నుంచి పదమూడంగుళాలు, అంతకు మించిన ప్రతి టీవీలోనూ డికోడర్ చిప్పు ఉండి తీరాలి. విడిగా 250 డాలర్లు పలికిన పెట్టె, ప్రతి సెట్టులోనూ పెట్టాల్సి వచ్చేసరికి కొద్దిపాటి డాలర్ల చిప్పు అయి కూర్చుంది. ఆ తర్వాత చిరాకు పడతారనుకున్న జనమే హోటళ్ళలో, వ్యాయామశాలల్లో, విమానాశ్రయాల్లో, పిల్లలు పడుకున్న ఇళ్ళలో వాటిని వాడుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న వలస కుటుంబాలకు అది ఉచిత పాఠశాల అయింది. పదేళ్ళపాటు బధిరులు డబ్బు కట్టి మరీ దాచిపెట్టించినది, దాచాల్సిన వస్తువే కాదని తేలింది.

ఇంటర్నెట్ వచ్చాక ఇదే కథ మళ్ళీ మొదటికొచ్చింది. యూట్యూబ్‌లో యంత్రమే విని అక్షరాలు వేసే పద్ధతిని 2009లో గూగుల్ తెచ్చినప్పుడు దాని వెనక ఉన్న ఇంజనీరు కెన్ హారెన్‌స్టీన్ బధిరుడే. నెట్‌ఫ్లిక్స్ మీద అమెరికా బధిరుల సంఘం కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2012లో కుదిరిన ఒప్పందం ప్రకారం రెండేళ్ళలో తన చిత్రాలన్నింటికీ అక్షరాలు వేస్తానని ఆ సంస్థ ఒప్పుకుంది.

ఇక మన సంగతి. టాకీలు వచ్చిన యాభై ఏళ్ళ తర్వాత ఒక తెలుగు దర్శకుడు, సింగీతం శ్రీనివాసరావు, మాటల్లేకుండా ‘పుష్పక విమానం’ (1987) తీశారు. దాన్ని అందరూ సాహసం అన్నారు, సరదా అన్నారు. చెవిటివాడూ చెవులున్నవాడూ పక్కపక్కన కూర్చుని ఒకే సమయంలో నవ్విన సినిమా అని మాత్రం ఎక్కడా రాయలేదు. నాకైతే దాని మొదటి గొప్ప అదే.

చట్టం మనకు ఆలస్యంగా వచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రసార మాధ్యమాల్లో ధ్వని వివరణ, సైగల భాష, తెర అక్షరాలు ఉండాలంది. టీవీ కార్యక్రమాల ప్రమాణాలు 2019లో వచ్చాయి. 2023 జనవరిలో ‘పఠాన్’ సినిమా విషయంలో ఢిల్లీ హైకోర్టు, ఓటీటీలో విడుదల చేసేటప్పుడు హిందీలో తెర అక్షరాలూ అంధుల కోసం ధ్వని వివరణా సిద్ధం చేయాలని నిర్మాతలను ఆదేశించింది. 2024 మార్చిలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ సినిమా హాళ్ళ కోసం మార్గదర్శకాలు తెచ్చింది. ఒకటికి మించి భాషల్లో ధ్రువీకరణ పొందే చిత్రాలకు ఆరు నెలలు, మిగతా వాటికి రెండేళ్ళు గడువు పెట్టింది. పాన్ ఇండియా అంటూ ఐదు భాషల్లో విడుదల చేసే మన తెలుగు నిర్మాతలు మొదటి వరసలోకే వస్తారు.

ఇందులో మన వాళ్ళు పట్టించుకోవాల్సిన మెలిక ఒకటుంది. ఓటీటీలో తెలుగు సినిమా పెట్టి అక్షరాలు నొక్కి చూడండి, చాలాసార్లు వచ్చేది ఇంగ్లీషు. అది తెలుగు రాని ప్రేక్షకుడి కోసం వేసింది. తెలుగు మాధ్యమంలో చదువుకున్న బధిర యువతికి కావలసింది తెలుగు మాటకు తెలుగు అక్షరం, దాంతో పాటు తలుపు చప్పుడైంది, ఫోను మోగింది, వెనక నుంచి ఎవరో పిలిచారు అన్న సమాచారం. ఇరవై ఒకటో గీత పద్ధతిలో తెలుగు లిపికి చోటే లేకపోయింది, సరే. నేటి ఫోనులో ఆ అడ్డంకి లేదు. డబ్బింగ్ కోసం ప్రతి మాటనూ ఎలాగూ కాగితం మీద పెడుతున్నారు. దాన్నే తెర మీదికి ఎక్కించమని అడగాల్సింది వినికిడి లేనివాళ్ళు ఒక్కరే కాదు. మీరు చందా కడుతున్న ఓటీటీకి ఈ వారమే రెండు ముక్కలు రాయండి, తెలుగు అక్షరాలు కావాలని.

(వచ్చే సంచికలో: నాటకశాలలో చెవిలో చెప్పిన కథ – వాషింగ్టన్, 1981)